దున్నను దగ్గరికి తెచ్చే దుర్భిణి

వెనకటికి ఓ దొరగారికి అడవిదున్నల వేటంటే మహా సరదా. ఆ వేటలో జాడలు పడుతూ ఆయన తుపాకీకి ముందు నడిచేవాడు కొర్రయ్య. ఎండైనా వానైనా వాడి ఒంటిమీద నల్ల గొంగడే.

ఒకనాడు నిగనిగలాడే నల్లకోటు వేసుకున్న పట్నం వర్తకుడు, తుపాకీకి బిగించే దుర్భిణులు రెండు తెచ్చాడు. ఒకటి చిన్నది, ఇంకోటి మూరెడు పొడుగుది.

“పెద్దదే తీసుకోండి దొరా! దున్న మీ ముక్కుమీదికొచ్చి నిలబడుతుంది,” అన్నాడు.

కొర్రయ్య అనుమానంగా దాన్ని కంటికానించుకున్నాడు. ఎదుటి గట్టు మీది మేకను చూద్దామంటే మేక కనబడలేదు, ఒట్టి నల్లబొచ్చే కనబడింది. రేపు తన గొంగడి కూడా దొరకు ఇలాగే కనబడి, దున్ననుకుని కాలిస్తే?

“చిన్నదే చాలు దొరా.”

“దానిమీద నీకంత ప్రేమేంట్రా? ఎవడిచ్చాడు లంచం?” దొర కళ్లు చిట్లించాడు.

దొర వేట దుస్తులకని లోపలికెళ్లగానే కొర్రయ్య తుపాకీలో తూటా తీసి రొంటిన దోపుకున్నాడు. “అయ్యా, తోట చివర ఆ పొదలో కూర్చుని మా దొర గురి చూసే వైభవం చూడండి,” అని వర్తకుణ్ణి సాగనంపాడు.

దొర వచ్చి పెద్ద దుర్భిణిని తుపాకీకి బిగించి చూశాడు. “ఒరే, పొదలో దున్నరా! వీపెలా మెరుస్తోందో!”

“తమరి కన్ను తప్పుతుందా? కాల్చండి దొరా!” అని గట్టిగా అరిచాడు కొర్రయ్య.

“అయ్యో, నేను దొరా! నేను!” వర్తకుడు చేతులెత్తి పరుగెత్తుకొచ్చి కాళ్లమీద పడ్డాడు.

దొర గతుక్కుమని తుపాకీ దించి వర్తకుణ్ణి నిలదీశాడు. “ఇప్పుడు నిజం చెప్పు. రెంటిలో ఏది మంచిది?”

“చిన్నదే దొరా! అదైనా నేను ఊరు దాటాక బిగించుకోండి!”