అసిరమ్మ చెంప మీది గాటు

సోంపేట బజారులో ఫోటో స్టూడియో నడిపే దాలినాయుడికి ఎవరి ముఖాన్నీ ఉన్నదున్నట్టు వదిలిపెట్టే అలవాటు లేదు. నల్లగా ఉన్నవాళ్లని తెల్లగా చేసేవాడు. ముడతలు చెరిపేసేవాడు. పుట్టుమచ్చ కనిపిస్తే చాలు, అతని వేళ్లు దురదపెట్టేవి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్లను ఎదురుగా పెట్టుకుని, "ఫోటోలో అమ్మాయి ఏదండీ?" అని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. అయినా దాలినాయుడు మీసం మెలేసి, "దేవుడు సగంలో వదిలేసిన పని నేను పూర్తి చేస్తున్నాను" అనేవాడు. అంత పొగరు!

ఒకనాడు ఉద్దానం నుంచి అసిరమ్మ అనే ముసలమ్మ వచ్చింది. తాను పోయాక గోడకు పెట్టుకోవడానికి ఇంట్లో ఒక పటం ఉండాలని ఆమె కోరిక. ఆమె ఎడమ చెంప మీద కంటి దగ్గర నుంచి గడ్డం దాకా పెద్ద గాటు ఉండేది. ఫోటో తీస్తున్నంతసేపూ ఆమె ఆ చెంపనే కెమెరా వైపు తిప్పి కూర్చుంది. పాపం, ముసలమ్మకు కూర్చోవడం తెలియదనుకున్నాడు దాలినాయుడు. కంప్యూటర్లో గాటు తుడిచేసి, చెంప నున్నగా చేసి, పటం కట్టి ఇచ్చాడు.

అసిరమ్మ పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదెవుత్తి బాబూ?"

"నువ్వే అమ్మా."

"మరి నా గాటేదీ?"

"బాగోలేదని తీసేశాను."

అసిరమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. "జీడితోటలో ఎలుగుబంటి నా మనవరాలి మీద పడితే, గెడకర్రట్టుకుని ఎదురెల్లినాను. పిల్ల బతికింది, నాకీ గాటు మిగిలింది. నువ్విది తుడిచీసినావంటే ఆ రోజు నాను పారిపోయినట్టే! ఎలుగుబంటికే లొంగలేదు, నీ కంప్యూటరుకి లొంగుతానేటి? నా మొకం నాకిచ్చీ!"

దాలినాయుడు సిగ్గుతో తల దించుకున్నాడు. అసలు ఫోటోను మళ్లీ తెరిచి చూశాడు. ఆ గాటు పైన ఆమె కళ్లు ఎలుగుబంటిని ఇంకా చూస్తున్నట్టే ఉన్నాయి. మొదటిసారి అతను దేన్నీ ముట్టుకోకుండా పటం కట్టాడు.

"ఇంక నీ ముఖం జోలికి నేను రాను. ఎవరినీ రానివ్వను" అని మాటిచ్చాడు.

ఆమెను అడిగి, అదే ఫోటోను ఢిల్లీలో జరిగే జాతీయ పోటీకి పంపాడు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన ముఖాల్లో అసిరమ్మ ముఖానికే మొదటి బహుమతి వచ్చింది. ఊరు ఊరంతా సంబరపడింది.

ఫోటోగ్రాఫర్ల సంఘం అధ్యక్షుడు సన్యాసిరావు దాలినాయుడికి గొప్పగా సన్మానం ఏర్పాటు చేశాడు. అసిరమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టారు. దాలినాయుడు వేదిక ఎక్కబోతూ ఆగిపోయాడు. వెనకాల పెద్ద ఫ్లెక్సీలో అసిరమ్మ చెంప గాజుపలకలా మెరిసిపోతోంది. గాటు లేదు.

"ఇదేంటండీ?" అన్నాడు.

"పదిమందీ చూసే బొమ్మ కదా, కాస్త శుభ్రం చేయించాను. నువ్వు ఇన్నాళ్లూ చేసిందీ అదేగా?" అన్నాడు సన్యాసిరావు.

"అదేనండీ. అందుకే అదెంత తప్పో నాకు తెలుసు. దించెయ్యండి."

"పెద్దలందరూ వచ్చి వేదిక మీద కూర్చున్నారు. గొడవ చేశావంటే సన్మానం ఉండదు. సంఘంలో నీకు చోటూ ఉండదు!"

దాలినాయుడు అసిరమ్మ వైపు చూశాడు. అతను వేదిక మీదికెళ్లి, కుర్చీ ఎక్కి ఫ్లెక్సీ తాళ్లు తెంపేశాడు. ఫ్లెక్సీ వచ్చి పెద్దల నెత్తిన పడింది.

"బహుమతి వచ్చింది ఆ గాటుకి. దానికి చోటు లేని వేదిక మీద నాకూ చోటొద్దు!" అని అరిచాడు.

అప్పుడు అసిరమ్మ లేచింది. ఎవరూ పిలవకుండానే వేదిక ఎక్కి, ఎడమ చెంపను జనం వైపు తిప్పి నిలబడింది. చప్పట్లతో పందిరి అదిరిపోయింది. ఏం చేయాలో తోచక సన్యాసిరావు చేతిలోని దండ ఆమె మెడలో వేయబోయాడు.

"అప్పుడే దండెయ్యకు బాబూ, నానింకా బతికే ఉన్నాను!" అంది అసిరమ్మ. జనం పగలబడి నవ్వారు.

సంఘం దాలినాయుణ్ణి తీసేసింది. అతను లెక్కచెయ్యలేదు. ఆ తర్వాత అతని స్టూడియోకి వచ్చినవాళ్లు, "మా ముఖాలు మాకే ఉంచు నాయుడూ" అని చెప్పి మరీ కూర్చునేవారు.

నీతి: మనిషి పోరాడి సంపాదించుకున్న గుర్తును అందం పేరుతో చెరిపే హక్కు ఎవరికీ లేదు, ఎవరు బెదిరించినా నిజం పక్కన నిలబడటమే నిజమైన గౌరవం.