జట్టులో ఒకడు

ఒక రాజ్యంలో పేద ఆడవాళ్లు జట్టు కడితే గేదెలు కొనుక్కోవడానికి ఖజానా అప్పిచ్చేది. జట్టంతా ఒకే పసుపునీళ్ల చెంబు మీద చేతులేసి, "ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లం కడతాం" అని ప్రమాణం చేయాలి.

ఒక ఏడు అలాంటి ఒక జట్టులోని సన్నెమ్మ గేదె గొంతువాపుతో చచ్చిపోయింది. తోటివాళ్లు తిండిగింజలు అమ్మి కొన్నాళ్లు ఆమె వాయిదాలు కట్టారు. ఆ తర్వాత వాళ్లకీ చేతకాలేదు. ఖజానాదారు దండపాణి భటుడి చేత గొడుగు పట్టించుకుని వచ్చి, జట్టునంతా సన్నెమ్మ వాకిట్లో ఎండలో కూర్చోబెట్టాడు.

"సొమ్ము పడేదాకా ఒక్కతీ లేవకూడదు. పిల్లలేడిస్తే ఏడవనీ!"

జట్టులో ఎన్నడూ గొంతెత్తని పైడమ్మకి ఆ మాటతో ఒళ్లు మండిపోయింది.

"జట్టంతా కూర్చోవాలి కదా బాబూ, మరి మీరు నిలబడ్డారేం?"

"నాకేం సంబంధమే?"

"మహారాజు చూడవచ్చిన రోజు మా మధ్య కూర్చుని, అదే చెంబు మీద చెయ్యేసి, 'నేనూ ఈ జట్టులో ఒకణ్ణి ప్రభూ' అన్నారే! ఆయన మెచ్చి తొడిగిన కడియం మీ చేతికే ఉంది. జట్టువారైతే గొడుగు పారేసి కూర్చోండి, లేదా కడియం అమ్మి సన్నెమ్మ వాయిదా కట్టండి. కాదంటే, అబద్ధమాడానని చెప్పి కడియం రాజుగారికిచ్చేయండి. పదండి, మేమూ కోటకొస్తాం."

గొడుగు పట్టిన భటుడు మొహం తిప్పుకుని నవ్వాడు.

"సరే సరే, పంట వచ్చాక కట్టండి. లేవండి," అని గొణిగాడు దండపాణి.

"లేవం," అంది పైడమ్మ. "ఆ మాట ఊరంతా వినేలా చెప్పండి. కూర్చోబెట్టినప్పుడు గొణగలేదు కదా!"