నాంచారమ్మ వేసిన పాదాలు

అనగనగా ఒక పట్నం. బళ్ళు ఎక్కువై, కాళ్ళకు చోటు తక్కువైన పట్నం. అందులో ఏడు పేటలు. ఏడో పేట చివర ముగ్గుపిండి అమ్ముకునే నాంచారమ్మ ఉండేది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని, "ముగ్గమ్మా ముగ్గు" అంటూ ఏడు పేటలూ తిరిగేది. ఎంత తిరిగినా గోడలకు ఆనుకునే తిరిగేది. వీధి నడుమంతా బళ్ళదే.

ఆమె మొగుడు పోయాడు. ఇంట్లో మిగిలింది ఆమే, అత్తగారు ఆదెమ్మా. ఆదెమ్మకు చూపు సరిగ్గా ఆనదు గానీ నోరు బాగా పనిచేస్తుంది. ప్రతి శనివారం నడిచి వెళ్ళి వెంకన్నను చూసి వస్తానని ఆమె మొక్కు. ఒక శనివారం రెండెడ్ల బండి చక్రం ఆమె పాదం మీదుగా పోయింది. మూడు నెలలు మంచాన పడింది. లేచి కర్రతో నడిచింది గానీ, వీధిలో అడుగు పెట్టాలంటే వణుకు.

"బండి మాట్లాడనా అత్తా?" అంది నాంచారమ్మ.

"నా కాళ్ళతో వస్తానని మొక్కానే. ఎద్దుల కాళ్ళతో కాదు." కర్ర మంచానికి ఆనించి మళ్ళీ ఆదెమ్మే అంది, "ఇక స్వామిని చూడకుండానే పోతానేమో."

ఆ మాటకు నాంచారమ్మ గంప ఎత్తుకుని తిన్నగా రాజుగారి ఖజానాకు వెళ్ళింది.

"అయ్యా, నడిచేవాళ్ళకు ఒక బాట వేయించండి."

ఖజానా పెద్ద నవ్వాడు. "బళ్ళవాళ్ళు సుంకం కడతారు, వాళ్ళకు బాట. కాళ్ళు ఏం కడుతున్నాయమ్మా?"

"ఈ గంపకు నిన్ననే కట్టాను బాబూ. ఇది నడిచే వచ్చింది."

ఆయన నవ్వు ఆగింది. "చూద్దాంలే, వెళ్ళు."

నెల చూసి ఆమె మళ్ళీ వెళ్ళింది. "వీధిలో నడిచేవాళ్ళ చోటేదో ఎవరికి తెలుసు? గీత ఉందా? గీత లేనిదానికి ఖజానా తెరవం," అన్నాడాయన.

గీతేగా, అనుకుంది నాంచారమ్మ.

మర్నాడు కోడి కూయగానే ఇంటి గడప నుంచి గుడి దాకా, గోడకు మూడు మూరల ఎడంగా, ముగ్గుతో ఒకే గీత గీసింది. బళ్ళు తుడిచేశాయి. రెండోనాడు గీసింది. తుడిచేశాయి. మూడోనాడు గీస్తుంటే బండి తోలే పోలయ్య ఆగి, "నీ పిండి మా ఎద్దులకు దాణా అనుకున్నావా అప్పా?" అన్నాడు.

"తొక్కు నాయనా. నా దగ్గర ఇంకా ఉంది," అంది నాంచారమ్మ.

ఇంటికొచ్చి చెబితే ఆదెమ్మ కసిరింది. "పిచ్చిదానా, ఉత్త గీతంటే వాడికి భయమేంటి? లక్ష్మీపూజకు వాకిట్లో పాదాలు వేస్తే మీ మామ ఎప్పుడైనా తొక్కాడా? కల్లు తాగొచ్చిన రోజు కూడా గోడ పట్టుకుని పక్కనుంచే వచ్చేవాడు."

నాలుగోనాడు గీతకు లోపలి పక్క చిన్న చిన్న పాదాలు వేసింది నాంచారమ్మ. ఒక్కో అడుగుకు ఒక్కో పాదం, పాదానికి పసుపూ కుంకుమా. పోలయ్య వచ్చాడు. చూశాడు. ఎద్దులను నడివీధికి మళ్ళించాడు. వారం తిరిగేసరికి ఏడు పేటల ఆడవాళ్ళూ పిండి పట్టుకెళ్ళి ఎవరి వీధిలో వాళ్ళు పాదాలు వేశారు.

ఒకనాడు రాజుగారి రథమే ఏడో పేట మలుపులో ఆగిపోయింది. మలుపు ఇరుకు, పాదాలు తొక్కి ముందుకు తోలనన్నాడు సారథి. రాజుగారు దిగి, "ఎవరి పాదాలివి?" అన్నారు.

"అమ్మవారివనుకుంటే అమ్మవారివి. మా అత్తవనుకుంటే మా అత్తవి. ఇద్దరికీ నడవను చోటు లేదు ప్రభూ," అంది నాంచారమ్మ.

రాజుగారు వెంట వచ్చిన ఖజానా పెద్ద వైపు తిరిగారు. "ఈ వీధికి రాళ్ళు పరిపించు."

"ఒక్క వీధి వద్దు ప్రభూ. ఖజానా ఏడు పేటలదీ," అంది నాంచారమ్మ.

"అన్నిటికీ ఒక్కసారే అంటే డబ్బు చాలదు," అన్నాడు ఖజానా పెద్ద.

"అయితే ఏడాదికో పేట. మీరు మరిచిపోతే మళ్ళీ వేస్తాను. నా దగ్గర ఇంకా ఉంది."

రాజుగారు సరేనన్నారు. ఆ ఏడాది ఏడో పేటకు నాపరాళ్ళు పడ్డాయి. శనివారం ఆదెమ్మ కర్ర తాటించుకుంటూ ఒక్కతే నడిచింది. నాంచారమ్మ గంపతో వెనకాలే వచ్చింది గానీ చెయ్యి పట్టలేదు. గుడి వాకిట్లో ఆదెమ్మ దణ్ణం పెట్టి, "వచ్చాను స్వామీ, నా కాళ్ళతోనే. ఆలస్యం నాది కాదు, ఖజానాది," అంది.

ఏడాదికో పేట చొప్పున ఆరు పేటలయ్యాయి. ఈలోగా ఆదెమ్మ వెళ్ళిపోయింది. తరవాత నాంచారమ్మా వెళ్ళిపోయింది. మిగిలింది ఖజానా ఉన్న మొదటి పేట ఒక్కటే. అడిగే మనిషి లేదుగా, ఖజానా మరిచిపోయింది.

ఒక ఉదయం ఖజానా పెద్ద తలుపు తీస్తే అడుగు వేయడానికి చోటు లేదు. వీధి నిండా పాదాలే, ఆయన మెట్టు దాకా. ఏడు పేటల ఆడవాళ్ళూ ముగ్గు చిప్పలతో నిలబడి ఉన్నారు.

"ఎన్నాళ్ళు వేస్తారమ్మా ఇలా?"

"మా దగ్గర ఇంకా ఉందండీ."

నెల తిరిగేసరికి అక్కడా రాళ్ళు పడ్డాయి.

ఇప్పటికీ ఆ పట్నంలో కొత్తగా కాలిబాట వేస్తే, మొదటి రాయి మీద ముగ్గుతో రెండు పాదాలు వేస్తారు. వీధిలో అందరికన్నా పెద్దావిడ నడిచాకే మిగతావాళ్ళు అడుగు పెడతారు. ఎవరైనా ఆ రాళ్ళ మీదికి బండి ఎక్కిస్తే తిట్టరు, కొట్టరు. పక్కనున్నవాళ్ళు నెమ్మదిగా ఒకటే మాట అంటారు.

"తప్పుకో నాయనా, నాంచారమ్మ అత్త నడిచొస్తోంది."