ఉష్ అనే చెల్లాయమ్మ

ఊఁ కొడతావా మరి? కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతుంది. అనగనగా ఒక ఊళ్ళో... ఏ ఊరంటావా? నూకాలని నీ అంత పిల్ల ఉండేదిలే, దాని తలకాయలో ఉన్న ఊరు.

ఆ ఊళ్ళో అందరూ కేకలేసేవాళ్ళే. ఒకడు కేకేస్తే పక్కవాడు అందుకుంటాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. చెల్లాయమ్మ ఒక్కత్తే కేకెయ్యదు. కేకలు చెవిన పడగానే "ఉష్" అంటుంది. ఊరంతా ఠక్కున నోరు మూస్తుంది. ఆ తర్వాత అందరికీ ఒక్కసారే ఊపిరొచ్చి, ఒక్కసారే కేకేస్తారు. మళ్ళీ "ఉష్". నువ్వు "అమ్మమ్మా" అనేలోపు నలభైసార్లు! ఆ ఊపు మీదే ఊరు నడిచేది.

అయితే ఏం లాభం? ఆవిడ పక్కన ఎవరూ కూచోరు. "వచ్చిందమ్మా నోరు మూయించే తల్లి" అని మొహం తిప్పుకుంటారు. ఎంత ఒంటరిగా ఉండేదో పాపం! ఓ రోజు మనసు విరిగిపోయి, తలుపేసుకుని లోపల కూచుంది.

అప్పుడు చూడు, ఎవడికి తోచినప్పుడు వాడు అరవడమే!

అంతలో నూకాల్ని బడి నుంచి తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ వచ్చింది. ఆ ఊళ్ళో కన్ను దగ్గర కాపలా ఉండే మనిషి "పచ్చచీర!" అని అరిచాడు. వాడు అలిసిపోయాక చెవి దగ్గరి మనిషి "గాజుల చప్పుడు!" అన్నాడు. ఆ తర్వాతెప్పుడో ముక్కు దగ్గరి మనిషి "సున్నిపిండి వాసన!" అన్నాడు. మూడూ ఒకచోట కలవందే అమ్మని ఎలా తెలుస్తుంది? నూకాలు కన్నతల్లిని పట్టుకుని "ఎవరండీ మీరు?" అంది. ఆ తల్లి అక్కడే గొల్లుమంది.

ఊరికి గుండె జారిపోయింది. అందరికన్నా పెద్ద గొంతున్న వీర్రాజు చెల్లాయమ్మ తలుపు బాదాడు. "తప్పయిపోయింది అత్తా, పిల్లకి తల్లి తెలియట్లేదు!"

ఆ మాట వినగానే ఆవిడ పరుగున వచ్చింది. "ఉష్" అంది. సగం మందే ఆగారు. మళ్ళీ అంది. అందరూ ఆగారు. మూడోసారి అనగానే చీర, గాజులు, వాసన కలిసి ఒక్క కేకై లేచాయి. "అమ్మా!" అంటూ నూకాలు తల్లిని వాటేసుకుంది.

ఆ తర్వాత వీర్రాజు వచ్చి చెల్లాయమ్మ పక్కన చతికిలబడ్డాడు. "ఏదన్నా మాట్లాడు అత్తా" అన్నాడు. ఆవిడకి చెప్పుకోడానికి ఎన్ని ఉన్నాయో! నోరు తెరిస్తే "ఉష్" అనే వచ్చింది. వీర్రాజు నోరు మూతపడింది. అయినా వాడు లేచిపోలేదు, ఆవిడ చెయ్యి పట్టుకుని కూచున్నాడు. ఎంతసేపనుకున్నావు? మళ్ళీ కేకేసేదాకా. రెప్పపాటు కూడా కాదు. ఆ కాసేపే ఆవిడకి తోడు.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
చెల్లాయమ్మ పోయె ఒంటిగా ఇంటికి.