అల్మరాలో లేని జర్నళ్లు

ఒకానొక యూనివర్సిటీకి భూషణరావు వీసీగా వచ్చాడు. ఒక్క వ్యాసంతో ప్రొఫెసరయ్యానని ప్రతి సభలోనూ చెప్పుకునే మనిషి. ఒకరోజు లైబ్రరీకొచ్చి, కేటలాగులోని ఆన్‌లైన్ జర్నళ్లన్నీ అల్మరాల్లో చూపించమన్నాడు.

"అవి కంప్యూటర్లోనే ఉంటాయి సార్," అంది కేటలాగు చేసే కాంట్రాక్టు ఉద్యోగి పైడితల్లి.

"చేతికందని జర్నల్ లేనట్టే. లేనివాటిని ఉన్నట్టు రాశావు. అన్నీ తీసెయ్, లేదంటే రేపట్నించి రాకు."

పక్కనే ఉన్న లైబ్రేరియన్ తల దించుకున్నాడు. తీసేస్తే రీసెర్చి పిల్లలకు వెతుక్కునే దారి ఉండదు, తియ్యకపోతే పైడితల్లికి ఉద్యోగం ఉండదు. ఆమె ఉత్తర్వు టైపు చేసి, సంతకానికి ఆయన ముందు పెట్టింది.

"ఈ జర్నళ్లు లేవని మీరు సంతకం పెడితే ఇప్పుడే తీసేస్తాను సార్. జాబితాలో మొట్టమొదటి దాంట్లోనే మిమ్మల్ని ప్రొఫెసర్ని చేసిన వ్యాసం ఉంది. లేని జర్నల్లో అదెలా వచ్చిందని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?"

భూషణరావు పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. చివరికి పెన్నుకు మూత పెట్టాడు.

"అది ఉంది."

"మిగతావి సార్?"

ఆయన లేచి గుమ్మం దాకా నడిచాడు.

"అదుంటే అవీ ఉండే ఉంటాయిలే."