ఉప్పు చేతికి పుచ్చుకున్న మాంత్రికుడు

అనగనగా కంకణపురమని ఒక రాజ్యం, దానికొక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఊఁ కొడుతూ ఉండండి, మీరు ఆపితే నేనూ ఆపేస్తాను. పెద్దవాడు జయబాహుడు, నడిపివాడు విజయబాహుడు, చిన్నవాడు చిరుబాహుడు. చిన్నవాడి తల్లి పురిట్లోనే పోతే, పెద్ద వదిన కమలిని ముద్దలు కలిపి పెట్టి పెంచింది. వాడికేమో నిలకడ లేదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే తిరుగుతాడు, తిరిగి తిరిగి మళ్ళీ వదిన దగ్గరికే వస్తాడు. ఆ వదిన చాన్నాళ్ళకి నీళ్ళోసుకుందని తెలిసి ఊరంతా సంబరపడింది.

అప్పుడే ఏడు సముద్రాల అవతలి నుంచి ఒక మాంత్రికుడు వచ్చాడు. ఎడమ గుప్పిట మూసే ఉంచుతాడు. కుడిచెయ్యి చాచి ఇంటింటికీ తిరుగుతాడు. "తల్లీ, ఏదో ఒకటి చేతిలో పెట్టు" అంటాడు. మనవాళ్ళు పెట్టారు. పెట్టినప్పుడల్లా వాడు లోలోపల ఇలా గొణిగేవాడు:

"చెయ్యి అన్నా నాదే, కేలు అన్నా నాదే,
కరం అన్నా నాదే, హస్తం అన్నా నాదే,
పాణి అన్నా నాదే."

అందరి చేతులూ మణికట్లకి అలాగే ఉన్నాయి. చేతిలో ఉండవలసింది మాత్రం వాడి ఎడమ గుప్పిట్లోకి పోయింది. కుమ్మరి చెయ్యి సారె మీద తిరగలేదు. వైద్యుడికి హస్తవాసి పోయింది. వంటమ్మ చేతి రుచి పోయి పులుసు ఉడుకునీళ్ళయింది. మంత్రిగారి చేవ్రాలు కోడి కెలికినట్టు తయారైంది. దర్జీ కుట్టిన చొక్కాలకు చేతులు నిలవలేదు. చేతిలో చెయ్యేసి చెప్పుకున్న మాట మర్నాటికి మాట కాకుండా పోయింది.

ఆస్థాన పండితుడు నెత్తి కొట్టుకున్నాడు. "చేతికి ఎన్ని పేర్లు వాడతామో అన్నీ చదివాడు ప్రభూ. ఒక్క పేరు మరిచిపోయినా అందులో కాస్త మిగిలేది." చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

అసలు దెబ్బ మంత్రసాని నాగమ్మకు తగిలింది. "అయ్యా, కోడలుగారి కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది" అందామె రాజుతో. "నా చెయ్యి నాకుంటే సర్ది బయటికి తీస్తాను. ఇప్పుడు నా చెయ్యి నా మాట వినడం లేదు. నెలలు నిండేలోపు అది తిరిగి రాకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

మాంత్రికుడు అప్పటికే ఏడు సముద్రాలూ దాటి తన ఇంటికి పోయాడు. పెద్దవాడు కత్తి పట్టుకుని అక్కడికి వెళ్ళాడు. "మంచి కత్తిలా ఉందే, ఏదీ, చేతికివ్వు" అన్నాడు మాంత్రికుడు. ఇచ్చాడు. నడిపివాడు బంగారం పట్టుకుని వెళ్ళాడు. "ఎంత తూగుతుందో చూస్తాను, ఏదీ, చేతికివ్వు" అన్నాడు మాంత్రికుడు. వాడూ ఇచ్చాడు. ఇద్దరూ చేతులు వేలాడేసుకుని తిరిగొచ్చారు.

"వాడి చేతికి ఏదీ ఇవ్వకురా తమ్ముడూ" అన్నారు.

చిరుబాహుడు వదిన దగ్గరికి వెళ్ళి, "నేను వెళ్తున్నాను వదినా" అన్నాడు.

"నువ్వా? అన్నం తినేదాకా కూర్చోలేవు. ఏడు సముద్రాలు దాటతావుట్రా?"

"కూర్చోలేకే వెళ్తున్నాను."

ఒడ్డున ఒక ఏనుగు డొక్కలు ఎండిపోయి పడి ఉంది. మాంత్రికుడికి చెరుకుగడ అందించిందట, అప్పటినుంచి తొండం లేవడం లేదు. "నాకు చెయ్యైనా ముక్కైనా ఇదే బాబూ" అంది దిగులుగా. చిరుబాహుడు దానికి దోసిళ్ళతో నీళ్ళు తాగించి, మేత నోట్లో పెట్టాడు. ఏనుగు లేచి అతన్ని వీపున ఎక్కించుకుని సముద్రంలో దిగింది. ఏనుగు ఏడు సముద్రాలు ఈదుతుందా అని నన్నడక్కండి, ఈదింది.

ఒక సముద్రం దాటగానే "ఇంకెన్ని?" అన్నాడు చిరుబాహుడు. "ఆరు." రెండోది సగంలో ఉండగానే "ఇంకెన్ని?" అన్నాడు. వదినకు నొప్పులు మొదలయ్యాయేమో అన్న భయం వాణ్ణి తినేస్తోంది. "నువ్వడిగితే సముద్రం చిన్నదవుతుందా నాయనా?" అని విసుక్కుంది ఏనుగు. అయినా వాడు అడుగుతూనే ఉన్నాడు.

మాంత్రికుడి పెరట్లో జామచెట్టు, చెట్టు మీద చిలక. చిరుబాహుడు ఒక్క దూకు దూకి దాని మెడ పట్టుకున్నాడు.

"ఆగవయ్యా" అంది చిలక. "వచ్చిన ప్రతివాడూ నా మెడే పిసుకుతాడు. వాడి ప్రాణం నాలో లేదు, నేనిక్కడ జామకాయల కోసం ఉన్నాను. వాడి బలమంతా ఆ ఎడమ గుప్పిట. అదేమో తెరవడు."

"లోపల ఇంకెవరున్నారు?"

"చంద్రహార అని, వాడు ఎత్తుకొచ్చిన రాకుమారి. వండి వడ్డించాలి కనుక ఆమె మీద మాత్రం మంత్రం చదవడు. అడిగినవన్నీ చేతికిస్తుంది గానీ ఉప్పు మాత్రం ఎంత అరిచినా విస్తట్లోనే వేస్తుంది. ఎందుకో వాడికీ తెలీదు, నాకూ తెలీదు."

చిరుబాహుడికి తెలుసు. కంకణపురంలో ఏ ఇంట్లోనూ ఉప్పు చేతికివ్వరు. కింద పెడితే తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చిన చేతికీ పుచ్చుకున్న చేతికీ పోట్లాట తప్పదంటారు. అతను ఆలోచించాడు. పుచ్చుకునేది వాడి కుడిచెయ్యి. ఇచ్చిన చెయ్యి పోయి చేరేది వాడి ఎడమ గుప్పిట్లోకి. ఇక పోట్లాడుకునేది ఎవరు?

నేరుగా వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు ఉప్పు తీశాడు. చంద్రహార గబుక్కున అడ్డొచ్చింది. "వద్దండీ, ఇస్తే మీ చెయ్యి పోతుంది" అంది మెల్లగా.

"తెలుసు" అన్నాడు చిరుబాహుడు. భయంగానే ఉంది వాడికి. కానీ వదిన గుర్తొచ్చి మాంత్రికుడి ఎదుటికి నడిచాడు.

"మూడోవాడివా?" అని నవ్వాడు మాంత్రికుడు. "కత్తి వచ్చింది, బంగారం వచ్చింది. నువ్వేం తెచ్చావు? ఏదీ, చేతికివ్వు." కాకికి ఎంగిలి చెయ్యి విదల్చనివాడు, పుచ్చుకోవడానికి మాత్రం ఎప్పుడూ సిద్ధం.

చిరుబాహుడు ఉప్పు చేతిలో పోశాడు. మాంత్రికుడు మంత్రం గొణిగాడు. రాకుమారుడి చెయ్యి మణికట్టు దాకా మొద్దుబారిపోయింది. అంతలో మాంత్రికుడి ఎడమ గుప్పిట లేచి కుడిచేతిని ఠపీమని కొట్టింది. కుడిచెయ్యి ఊరుకుంటుందా? తిరగబడి ఎడమ వేళ్ళు ఒక్కొక్కటే విరిచింది. గుప్పిట తెరుచుకుంది. తేనెపట్టు కదిలినట్టు లోపలివన్నీ రివ్వున లేచి ఎవరి చేతికి వారివి బయల్దేరాయి. బయట ఏనుగు తొండమెత్తి ఘీంకరించింది. ఆ మాంత్రికుడి చేతులు ఈనాటికీ కొట్టుకుంటూనే ఉన్నాయట. చిలక జామకాయ తింటూ, ఇవాళ కుడిదే పైచెయ్యి అంటూ ఉంటుందట.

చంద్రహారను ఏనుగెక్కించుకుని "ఇంకెన్ని? ఇంకెన్ని?" అంటూనే ఇల్లు చేరాడు. పురిటిగది తలుపు మూసి ఉంది. అటూ ఇటూ తిరిగాడు, మళ్ళీ తిరిగాడు. అప్పుడు కేరుమని ఏడుపు వినిపించింది. నాగమ్మ తలుపు తీసింది. "నా చెయ్యి సమయానికే వచ్చింది బాబూ. తల్లీ క్షేమం, మగబిడ్డా క్షేమం." చిరుబాహుడు గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పురుడు వెళ్ళాక రాజు చంద్రహార మనసు కనుక్కున్నాడు. "పోతుందని తెలిసీ ఆయన చెయ్యి చాచారు మావయ్యగారూ. అలాంటి చెయ్యి పట్టుకోవడానికి నాకేం భయం?" అందా పిల్ల.

పెళ్ళి పీటల మీద పురోహితుడు పాణిగ్రహణం అన్నాడు. సరిగ్గా అప్పుడే వదిన ఒళ్ళోని పసివాడు చిరుబాహుడి చూపుడువేలు గట్టిగా పట్టుకున్నాడు. ఎంతకీ వదలడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడి గోల.

"లాగకు మరిదీ, నొప్పెడుతుంది వాడికి" అంది కమలిని.

చంద్రహార నవ్వి, ఆ చిట్టి గుప్పిటతో సహా అతని చెయ్యి పట్టుకుంది. లోకంలోకి రాకుండానే పోవలసిన చెయ్యి అది. అలా ఆ పెళ్ళి మూడు చేతులతో జరిగింది. కొడుకులు లేని చంద్రహార తండ్రి తన రాజ్యం వాళ్ళకే అప్పగిస్తే, నిండు నూరేళ్ళు చల్లగా ఏలుకున్నారు. కంకణపురంలో ఇప్పటికీ ఏ పెళ్ళయినా ఓ పసిబిడ్డ చెయ్యి మధ్యలో ఉంటేగాని పాణిగ్రహణం చేయించరు.