దారుల దుప్పటి మీద నల్లగీత

అనగనగా, మబ్బులు ఇంకా నేల మీద నడిచే కాలంలో, తొమ్మిది కొండల నడుమ ఒక చిన్న రాజ్యం ఉండేది. అక్కడ పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో మబ్బు కూర్చుని ఉండేది. పిల్లలు దాన్ని పక్కకు నెట్టి ఆటలకు పోయేవారు.

అంత మబ్బులో దారి తప్పకుండా ఎలా తిరిగేవారంటారా? కొండల మొదట్లో ఒక సత్రం ఉండేది. సత్రం గోడకు ఒక పెద్ద దుప్పటి వేలాడేది. దాని పేరు దారుల దుప్పటి. రాజ్యంలోని ప్రతి కాలిదారీ దాని మీద ఉండేది. దాన్ని ఏ ఒక్కరో గీయలేదు. అందరూ గీశారు.

గీయడానికి ఒక ఆచారం ఉంది. కొత్త దారిన నడిచి వచ్చినవాడు సత్రం అరుగు మీద కూర్చుని ఇత్తడి పళ్లెంలో కాళ్లు కడుక్కోవాలి. నీళ్లు తేరుకున్నాక అడుగున మిగిలిన మన్ను తీసి, తుమ్మజిగురు కలిపి, నమిలిన ఈతపుల్లతో తన దారిని తానే గీయాలి. ఎర్రకొండ ఎక్కినవాడి గీత ఎర్రగా ఉండేది. పసుపుకొండ దిగినవాడి గీత పచ్చగా ఉండేది. ఎవరి గీతను వారే చెరపాలి, మరొకరు తాకకూడదు. నడవని కాలికి మన్ను అంటదు గనుక దుప్పటి అబద్ధం చెప్పదని జనం నమ్మకం.

ఆ దుప్పటిని కాచేది చెన్నక్క. పొద్దున్నే దులిపేది, చిరుగులు కుట్టేది, దారి అడిగినవారికి వేలితో చూపేది.

ఆ రాజ్యాన్ని ఏలే పృథ్వీధరుడు ముసలివాడు, మంచివాడు. ఈ మధ్య ఆయనకు మరపు పట్టుకుంది. మొదట తన గుర్రం పేరు మరిచాడు. తరువాత భోంచేసిన సంగతి మరిచి మళ్లీ విస్తరి వేయమన్నాడు. ఒక్కటి మాత్రం మరవలేదు. చిన్ననాడు తల్లి ఆయనను భుజాన ఎత్తుకుని తేనెకోనకు తీసుకుపోయింది. అక్కడ రాతిలోంచి ఒక ఊట చప్పుడు లేకుండా వస్తుంది. ఆ నీళ్లలో తల్లి ముఖం, తన ముఖం పక్కపక్కన కదిలాయి.

తరువాత కొండచరియ విరిగిపడి ఆ దారి పోయింది. దాన్ని మళ్లీ వేయించాలని రాజు కోరిక. ఎక్కడ మెట్లు కొట్టాలో, ఎక్కడ వాగులో రాళ్లు పరచాలో, ఎక్కడ లోయ మీద వంతెన కట్టాలో అంతా ఆయన తలలోనే ఉంది. ఆ తల చూస్తే చిల్లికుండ అవుతోంది.

ఒకనాడు రాజు పల్లకిలో సత్రానికి వచ్చాడు.

“చెన్నమ్మా, తేనెకోన దారిని దుప్పటి మీదికి ఎక్కించాలి.”

“వేశారా ప్రభూ?”

“వచ్చే ఏడు వేయిస్తాను.”

“అయితే వచ్చే ఏడే ఎక్కిద్దాం.”

“అప్పటికి నాకు గుర్తుండకపోతే?”

చెన్నక్క దుప్పటి అంచు సవరించింది.

రాజు పావుకోళ్లు విడిచి పళ్లెంలో కాళ్లు కడుక్కున్నాడు. రోజూ పొద్దున్నే రాజోద్యానంలో తిరిగే కాళ్లవి. నల్లటి తోటమన్ను దిగింది. దానితో సత్రం నుంచి తేనెకోన దాకా ఒక గీత గీశాడు.

“ఇది మీ తోట మన్ను కదా ప్రభూ,” అంది చెన్నక్క.

“కాలు నాదే కదా,” అన్నాడు రాజు.

నల్లగీత అన్ని గీతలకంటే అందంగా ఉంది. అన్నిటికంటే దగ్గర దారిలా కూడా ఉంది.

ఆ గీతను నమ్మి మొదట ఉప్పుశెట్టి బయలుదేరాడు. మూడు గాడిదల మీద ఉప్పుబస్తాలు వేసుకుని పోయి, సాయంత్రానికి ఖాళీ గోనెలతో తిరిగి వచ్చాడు. వాగులో రాళ్లు లేవు. మోయలేక గాడిదలు నీళ్లలో కూర్చున్నాయి.

“వాగంతా చారైపోయిందక్కా,” అన్నాడు. “ఇక కరివేపాకు వేయడమే తరువాయి.”

చెన్నక్క రాజు దగ్గరికి పోయి గీత చెరపమని అడిగింది. రాజు శెట్టికి కొట్లోంచి ఉప్పు ఇప్పించాడు. గీత మాత్రం చెరపలేదు.

“చెరిపితే నేను మరిచిపోతాను. పక్కన ‘ఇంకా వేయలేదు’ అని రాయి,” అన్నాడు.

చెన్నక్క రాసింది.

రెండోసారి మంత్రసాని పుల్లమ్మ బయలుదేరింది. తేనెకోన పైనున్న ఊళ్లో ఒక పిల్లకు నొప్పులు మొదలయ్యాయని కబురు. దుప్పటికేసి చూసింది, దగ్గర దారి పట్టుకుంది. లోయ దగ్గరికి వెళ్తే వంతెన లేదు. ఆ అంచున తిరిగే కొండమేక ఒకటి జాలిపడి, తన అడ్డదారిన చుట్టూ తిప్పి తీసుకుపోయింది. పుల్లమ్మ చేరేసరికి బిడ్డ పుట్టేసింది. ఆ పిల్ల అత్తగారే బొడ్డు కోసింది. తల్లీబిడ్డా దక్కారు. దక్కకపోవడానికి వెంట్రుకవాసే తక్కువ.

పుల్లమ్మ నేరుగా కొలువుకు వచ్చింది.

“రాజా, నాకు అక్షరం రాదు. నాకు గీతే అక్షరం. అది నాతో అబద్ధమాడింది.”

రాజు తల దించుకున్నాడు. “రేపు పొద్దున్నే వచ్చి చెరుపుతాను,” అన్నాడు.

తెల్లారేసరికి ఆ మాట మరిచిపోయాడు.

కానీ కాళ్లకు ఎక్కడికో పోవాలని గుర్తుంది. కాపలావాళ్ల పక్క నుంచే మబ్బులో కలిసిపోయి, రాజు ఒంటరిగా సత్రానికి వచ్చాడు. చెన్నక్క నీళ్లకు పోయింది. రాజు దుప్పటి ముందు నిలబడ్డాడు. పక్కన రాసిన అక్షరాలను చూడలేదు. ఆయన కళ్లు నల్లగీత వెంట పరుగెత్తాయి.

“ఎవరో తేనెకోన దారి వేసేశారే,” అనుకున్నాడు. దుప్పటి మీద గీత ఉందంటే ఎవరో నడిచారనే కదా.

నడిచాడు. మబ్బు మెత్తగా దారి ఇచ్చింది. వాగు చల్లగా మోకాళ్లు పట్టుకుని వదిలింది. ముందెక్కడో తల్లి కడియాల చప్పుడు వినిపించినట్టుంది. లోయ నిండా మబ్బు నిండి, ఈ అంచు నుంచి ఆ అంచుకు తెల్లటి వంతెనలా పరుచుకుని ఉంది. రాజు కాలు ఎత్తాడు.

వెనక నుంచి ఎవరో ఉత్తరీయం పట్టి లాగారు. కొండమేక.

“ఎక్కడికి తాతా?”

“తేనెకోనకు. ఈ వంతెన మీదుగా.”

“ఏ వంతెన? నాలుగు కాళ్లున్న నేనే ఇక్కడ ఆగుతాను. రెండు కాళ్లతో నువ్వెలా పోతావు?”

“దుప్పటి మీద ఉంది.”

“దుప్పటి మీద ఉంటే దుప్పటి మీదే నడువు. మొన్న గాడిదలు, నిన్న మంత్రసాని, ఇవాళ నువ్వు. ఆ గీత గీసినవాడు దొరికితే కొమ్ములతో ఒక్క పోటు పొడుస్తాను.”

గాలి వీచింది. వంతెన చెదిరిపోయింది. రాజు ఒక గులకరాయి జారవిడిచాడు. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు.

“అవును, ఎవడు గీశాడది?” అన్నాడు, నిజంగానే తెలియక.

మబ్బుకు తడిసిన మన్నులో అడుగుల గుర్తులు పట్టుకుని రొప్పుతూ వచ్చిన చెన్నక్క మెల్లగా చెప్పింది. “మీరే ప్రభూ.”

రాజు రాతి మీద కూర్చుండిపోయాడు. మేక కూడా పొడుస్తానన్న మాట విడిచి పక్కన నిలబడింది.

“మరవకుండా ఉండాలని గీశాను,” అన్నాడు రాజు. “మరిచాక అదే నన్ను ఇక్కడికి తెచ్చింది. చెరిపేస్తాను. కానీ దానితో పాటు మా అమ్మ ఊట కూడా పోతుంది, చెన్నమ్మా.”

చెన్నక్క కొంగుతో చెమట తుడుచుకుంది.

“మీ అమ్మగారు ముగ్గు వేసేవారా?”

“రోజూ వేసేది.”

“ముందుగా ఏం పెట్టేవారు?”

“చుక్కలు.”

“చుక్కలు చూసి ఎవరైనా ముగ్గు అయిపోయిందనుకుంటారా?”

రాజు ముఖం నెమ్మదిగా విచ్చుకుంది. “అనుకోరు. ఇంకా కలపాలని తెలుస్తుంది. ఎక్కడ కలపాలో కూడా తెలుస్తుంది.”

“ముగ్గు సంగతి నాకు తెలియదు గానీ పిండి మిగిలితే చెప్పండి,” అంది మేక.

ఆ రోజే రాజు తన గీతను తన చేత్తో కడిగేశాడు. దాని చోట జిగురు కలిపిన బియ్యప్పిండితో నలభై తెల్లటి చుక్కలు పెట్టాడు. అక్షరం వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ చూడగానే తెలిసింది, ఇది నడిచే దారి కాదు, కలపవలసిన దారి అని.

తీరిక దొరికినవాళ్లు తీరిక దొరికినప్పుడు వెళ్లారు. ఒకరు నాలుగు మెట్లు కొట్టి వచ్చి, కాళ్లు కడుక్కుని, రెండు చుక్కలు కలిపారు. ఉప్పుశెట్టి గాడిదలు ఈసారి రాళ్లు మోశాయి. వాగు దగ్గరి చుక్కలను శెట్టే కలిపాడు. లోయ మీద వంతెన లేచింది.

మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో రాజు ఇంకా చాలా మరిచాడు. సత్రానికి వచ్చిన ప్రతిసారీ “ఇదేమిటి?” అని అడిగేవాడు.

“మీ అమ్మగారి ఊటకు దారి ప్రభూ. ఇంకా ఇన్ని చుక్కలున్నాయి.”

ప్రతిసారీ కొత్తగా సంతోషపడేవాడు.

చివరికి రెండే చుక్కలు మిగిలాయి. ఆ రోజు రాజును భుజాల మీద ఎత్తుకుని వంతెన దాటించారు. ఊట ఇంకా పందొమ్మిది అడుగుల దూరం ఉందనగా ఆయన అన్నాడు. “దించండి. మోస్తే కాలికి మన్ను అంటదు.”

నడిచాడు. వంగి చూశాడు. చప్పుడు లేని నీళ్లలో ఒక ముసలి ముఖం కదిలింది. దాని పక్కన కాస్త చోటు మిగిలి ఉంది. ఆ చోటును చూస్తూ రాజు చాలాసేపు నవ్వాడు.

సత్రానికి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. పళ్లెం అడుగున తేనెరంగు మన్ను దిగింది. దానితో చివరి రెండు చుక్కలూ కలిపాడు.

మర్నాటికి అదీ మరిచిపోయాడు. “నేనెప్పుడైనా అక్కడికి వెళ్లానా చెన్నమ్మా?” అని అడిగాడు. చెన్నక్క ఆయన వేలు పట్టుకుని ఆ తేనెరంగు గీత మీద పెట్టింది.

“వెళ్లారు ప్రభూ. ఇదిగో, మీ కాలిమన్నే.”

అందుకే పిల్లలూ, కలను మరవకుండా చుక్కలు పెట్టుకోండి. ఎవరూ దారి తప్పకుండా గీత మాత్రం నడిచాకే గీయండి.